ఎండల్లో పీక్‌కొచ్చిన బ్యాచ్: మా బ్రీడర్ షెడ్డు డైరీ

ఫిబ్రవరి 26, కోళ్లకు 24వ వారం

ఇవాళ మొదటిసారి ఒక ట్రే నిండింది. 30 గుడ్లు. సగానికి సగం 45 గ్రాములు కూడా తూగలేదు. 50 దాటితేగాని హ్యాచరీవాళ్లు (గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసేవాళ్లు) ముట్టుకోరు. అయినా బాపు ఆ ట్రేను అరుగు మీద పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఇవి మనం ఆదివారం వండుకునే బ్రాయిలర్లు కావు, వాటి అమ్మానాన్నలు. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాలకే బండెక్కుతుంది. ఈ పెట్టలు మాత్రం 64, 65 వారాల దాకా మా దగ్గరే ఉంటాయి, కాబట్టి ఏ నెలలో పిల్లల్ని దింపినా ఒక ఎండాకాలం దాటించక తప్పదు. మా బ్యాచ్ సెప్టెంబరులో దిగింది. లెక్క వేస్తే గుడ్ల పీక్, అంటే గుడ్లు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కాలం, సరిగ్గా ఏప్రిల్‌లో పడుతుంది. గజ్వేల్ వైపు ఏప్రిల్, మే ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

షెడ్డు ఒకటే, 300 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, తూర్పు పడమరగా కట్టింది. అటూ ఇటూ జాలీ. 3,500 పెట్టలు, 350 పుంజులు, కింద వరి ఊక. పిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి మావి. హ్యాచింగ్‌కు పనికొచ్చే గుడ్డుకు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. ఏసీ షెడ్డుకు పెట్టుబడి పెట్టే తాహతు మాకు లేదు. గాలి, నీళ్లు, గడ్డి, సున్నం. వీటితోనే ఈ ఎండాకాలం గట్టెక్కాలి. ఏం చేశామో, ఏం చెడగొట్టామో రాసి పెట్టుకుందామని ఈ డైరీ.

మార్చి 4

పైకప్పు మీద పంచాయితీ. మావి సిమెంటు రేకులు. "వరిగడ్డి కప్పు, మీద నీళ్లు కొట్టు. మా కాలంలో ఇంతకంటే ఏమున్నది?" అన్నాడు బాపు. గడ్డి వేస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకాల పాములు వస్తాయి, ఎవడైనా బీడీ పారేస్తే షెడ్డు మొత్తం పోతుంది అని నేను. తెల్ల సున్నం కొడితే ఎండ వెనక్కి కొడుతుంది, ఖర్చూ తక్కువ.

తెగలేదు. చివరికి పంచుకున్నాం. తూర్పు వైపు 100 అడుగులు బాపు గడ్డి, మిగతా 200 అడుగులు నా సున్నం. ఊరికే సున్నం కొడితే మొదటి వానకే కారిపోతుంది, అందుకని కాస్త ఫెవికాల్ కలిపాం. రెండు పూతలు. గడ్డి మీద స్ప్రింక్లర్ పైపు. ఇద్దరు కూలీలు, నేను, మూడు రోజులు. నా వీపు ఇంకా మండుతోంది.

ఏప్రిల్ 2, 29వ వారం

మధ్యాహ్నం మూడింటికి వేడి కొలిచే గన్ను తెచ్చాను. నీడలో 40 డిగ్రీలు. ఏ పూతా లేని గోదాము రేకు లోపలి వైపు 57. సున్నం కొట్టిన రేకు 45. తడిగడ్డి కింద రేకు 37.

బాపు "నేను చెప్పలేదా" అనలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి గన్ను తీసుకున్నాడు, గడ్డి కిందికి ఒకసారి, సున్నం కిందికి ఒకసారి, మళ్లీ గడ్డి కిందికి, అలా పావుగంట గురి పెడుతూనే ఉన్నాడు.

మిగతా 200 అడుగులకు కూడా గడ్డి వేద్దామా అంటే, అంత గడ్డి ఇప్పుడు దొరకదు. సున్నం మీదే స్ప్రింక్లర్ పెట్టించాను. ఇంకో సంగతి, కోళ్లకు ఈ పంచాయితీ అక్కర్లేదు. మధ్యాహ్నమైతే చాలు, పడమటి వైపువి కూడా నడుచుకుంటూ తూర్పుకే వచ్చి కూర్చుంటున్నాయి. అక్కడ ఇరుకు. మధ్యలో అడ్డంగా జాలీ కట్టి మూడు గదులు చేయాల్సి వచ్చింది.

ఏప్రిల్ 9, 30వ వారం

84 శాతం, అంటే వంద పెట్టలకు రోజుకు 84 గుడ్లు. మొత్తం 2,918 గుడ్లు. ఇదే పీక్ అనుకుంటున్నాను.

దాణా వేళ మార్చడం పూర్తయింది. దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఖర్చు లేకుండా దొరికిన లాభం ఇదొక్కటే. కోడి తిన్నాక ఆ తిండి అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. అది తిన్న వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత పైకి లేస్తుంది. ఉదయం ఎనిమిదింటి దాకా తిన్న కోడికి లోపలి వేడీ, బయటి ఎండా మిట్టమధ్యాహ్నం ఒకేసారి కలుస్తాయి. కోడికి చెమట పట్టదు. మామూలుగానే ఒళ్లు 41 డిగ్రీలుంటుంది. ఇక మిగిలింది నోరు తెరిచి రొప్పడమే.

అంతకుముందు ఐదింటికి లైటు, ఐదున్నరకు దాణా. ఇప్పుడు నాలుగింటికి లైటు, వెంటనే దాణా. ఒక్కసారిగా మారిస్తే గుడ్ల మీద దెబ్బ పడుతుందని రోజుకు పావుగంట చొప్పున జరిపాం. రాత్రి తొమ్మిదికి ఆర్పే లైటు ఎనిమిదికే ఆర్పుతున్నాం. మొత్తం వెలుతురు 16 గంటలే, అందులో తేడా లేదు. ఆరున్నరకల్లా తొట్లు ఖాళీ.

పెట్టకు రోజుకు 162 గ్రాములు. ఆకలి తీరేదాకా పెడితే ఇంకో యాభై గ్రాములు లాగిస్తుంది, కొవ్వెక్కి గుడ్డు మానేస్తుంది. మేపేవాడే కడుపు నిండనివ్వని పశుపోషణ ఇదొక్కటే అనుకుంటా. తూకం వేసి పెడతాం కాబట్టి ఒక సుఖం ఉంది. తొట్టి ఎన్ని గంటల్లో ఖాళీ అయిందో చూస్తే కోడి ఆరోగ్యం తెలిసిపోతుంది. మామూలుగా రెండున్నర గంటలు. నాలుగు గంటలైందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

పుంజుల తొట్లు వేరు, ఎత్తులో వేలాడదీసినవి. పెట్టల తొట్ల మీద ఉన్న కమ్మీల్లోంచి పుంజుల తల దూరదు.

గుడ్లు ఏరడం నాలుగు సార్ల నుంచి ఏడు సార్లకు పెంచాం. గుడ్ల పని చూసే అక్క మొదట గొణిగింది. "గూట్లో గుడ్డు ఎటు పోతది? సాయంత్రం తీస్తే కాదా?" అంది. ఎటూ పోదు, కానీ లోపలున్న పిండం పెరగడం మొదలుపెడుతుంది. 24 డిగ్రీల పైన వేడి ఉంటే కోడి పొదగకపోయినా పని మొదలే. తర్వాత ఏసీ గదిలో 18కి దింపగానే ఆగిపోతుంది. అలా మొదలై ఆగిన పిండాల్లో చాలావాటికి హ్యాచరీలో బతుకు ఉండదు. ఇది చెప్పాక అక్క ఏడు సార్లూ తనే గంట కొట్టినట్టు వెళ్తోంది.

ఏప్రిల్ 28, 33వ వారం. భరణి కార్తె

81 శాతం. ఎండ 43.

నీళ్ల మీటరు చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. ఫిబ్రవరిలో రోజుకు 1,150 లీటర్లు తాగేవి. నిన్న 2,200. అంత తాగుతున్నా ఒంటిగంటకు రొప్పడం ఎక్కువైంది. ఎందుకో అంతు చిక్కలేదు. కోళ్లు ముక్కుతో పొడిచి తాగే నిపుల్‌ను నొక్కి నీళ్లు అరచేతిలో పట్టుకుంటే తెలిసింది, స్నానానికి కాచిన నీళ్లలా ఉన్నాయి. థర్మామీటరు పెడితే 38. పైన నల్ల ట్యాంకు, అక్కడి నుంచి గోడ మీదుగా ఎండలో వచ్చే 40 అడుగుల పైపు. మనమైతే ఆ నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేస్తాం.

ట్యాంకు చుట్టూ గోనె సంచులు కట్టి తడుపుతున్నాం, పైన తాటాకు నీడ. పైపును అడుగున్నర లోతులో పూడ్చాం. ఇక పదకొండు, ఒంటిగంట, మూడింటికి లైను చివర మూత విప్పి పాత నీళ్లు వదిలేయడం. వదిలిన నీళ్లు వేపచెట్ల మొదట్లోకి పోతాయి. ఇవాళ మధ్యాహ్నం నిపుల్ దగ్గర 29. నిపుళ్ల కింద బారులు తీరి నిలబడ్డాయి. తాగి తల విదిలించి మళ్లీ తాగుతున్నాయి.

మే 7, 34వ వారం

గుడ్ల పెంకు పలచబడుతోంది. ట్రేలో పెడుతుంటేనే సన్న గీత పడుతోంది. ఉప్పునీళ్ల పరీక్ష చేశాను. బకెట్లో ఉప్పు కలిపి హైడ్రోమీటరులో 1.080 వచ్చేదాకా సరిచేసి గుడ్లు వేయాలి. పెంకు గట్టిదైతే మునుగుతుంది, పలచనిదైతే తేలుతుంది. మార్చిలో 30 గుడ్లకు 5 తేలాయి. ఇవాళ 14. (తడిసిన గుడ్లు హ్యాచరీకి పంపకూడదు, ఆ 30 మా వంటింటికే.)

ఎందుకు ఇలా అని డాక్టరు గారికి ఫోన్ చేశాను. రొప్పినప్పుడల్లా కోడి ఊపిరితో కార్బన్ డయాక్సైడు మామూలు కంటే ఎక్కువగా పోతుంది, రక్తంలో బైకార్బనేట్ తగ్గుతుంది, పెంకు కట్టేది కాల్షియం కార్బనేట్‌తో కదా, అన్నారు. అంటే మధ్యాహ్నం ఊపిరితో పోయింది రాత్రికి పెంకులో లోటుగా తేలుతుంది. చేయాల్సింది కూడా చెప్పారు. దాణాలో కొంత వంట సోడా, నీళ్లలో విటమిన్ సి. సాయంత్రం పెట్టకు ఐదు గ్రాముల చొప్పున షెల్‌గ్రిట్ (చితగ్గొట్టిన సముద్రపు గుల్లలు) ఊక మీద చల్లడం. రాత్రి పెంకు కట్టే వేళకు కడుపులో కాల్షియం ఉండాలి.

షెల్‌గ్రిట్ చల్లడంలో ఇంకో లాభం కనిపించింది. ఐదున్నరకు చల్లగానే కోళ్లన్నీ లేచి గీరుతూ తిరుగుతాయి. పుంజులు పెట్టల వెంట పడేది ఆ వేళే. ఈ మధ్య పుంజులు ఆ వేళ కూడా ఫ్యాన్ కింద రెక్కలు దించుకుని నిలబడుతున్నాయి. ఈ విషయం నాకు నచ్చలేదు, కానీ అప్పటికి పట్టించుకోలేదు.

మే 14, 35వ వారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం 2:10కి కరెంటు పోయింది. నీడలో 44. ఫ్యాన్లు, నీళ్లను మంచులా చిమ్మే ఫాగర్లు, పైన స్ప్రింక్లర్ మోటారు అన్నీ ఆగాయి. జనరేటర్ సెల్ఫ్ కొడితే టిక్ మని ఒక చప్పుడు, అంతే. పది రోజుల నుంచి మూలుగుతూ మూలుగుతూ స్టార్ట్ అవుతోంది. బ్యాటరీ మార్చాలని నేనే అనుకుంటూ వాయిదా వేశాను. తప్పు పూర్తిగా నాది.

పక్క చేను పెదనాన్న ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చేసరికి 45 నిమిషాలు. ఆ 45 నిమిషాలు షెడ్డులో ఏం జరిగిందో చెప్తాను. మొదట చప్పుడు. మూడు వేల ఎనిమిది వందల కోళ్లు ఒకేసారి రొప్పుతుంటే రంపంతో కట్టె కోస్తున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపు ఫరవాలేదు. పావుగంట తర్వాత పడమటి గదిలో చప్పుడు తగ్గింది. అటు వెళ్లి చూస్తే కోళ్లు గోడ పక్కన ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి, మెడలు ముందుకు చాచి, కళ్లు సగం మూసి.

బాపు, అక్క, నేను వాటి మధ్యలో మెల్లగా నడిచాం. పరిగెత్తితే అవే బెదిరి ఒకచోట కుప్పబడి చస్తాయి. మెల్లగా కాలితో జరుపుతూ లేపితే, పొట్ట కింద ఊకకూ ఒంటికీ మధ్య చిక్కుకున్న వేడి వదులుతుంది. మగ్గుతో తల మీద, జుట్టు మీద నీళ్లు. లేచిన కోడి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంటుంది, మళ్లీ లేపాలి.

బరువైనవే ముందు పోయాయి. రాత్రికి లెక్క: 83 పెట్టలు, 14 పుంజులు. దాదాపు అన్నీ పడమటి గదివే, సున్నం కిందివి. తూర్పున గడ్డి కింద 6.

2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు మనుషులే పిట్టల్లా రాలారు. అప్పుడు మాకు బ్రాయిలర్లు ఉండేవి, ఒక మధ్యాహ్నం 400 పోయాయి. ఇవాళ బాపు ఆ మాట ఎత్తలేదు. జనరేటర్ పక్కన కూర్చుని పొగ వస్తున్న గొట్టం వైపు చూస్తూ ఉన్నాడు.

మే 15

డాక్టరు గారు వచ్చి మూడింటిని కోసి చూపించారు. రొమ్ము కండ తెల్లగా, వేణ్నీళ్లలో ముంచి తీసినట్టు ఉంది. ఉడికిపోయింది అనేది మాట వరసకు కాదు. రోగం ఆనవాళ్లేమీ లేవు. గొయ్యిలో సున్నం వేసి పూడ్చాం.

గుడ్లు 77 శాతం నుంచి 69కి. పెంకు లేకుండా తోలుగుడ్లు 40 దాకా. తొట్లు ఖాళీ కావడానికి నాలుగు గంటల పైనే పట్టింది.

కొత్త బ్యాటరీ కొన్నాం. ఇంకోటి అదనంగా చార్జింగ్‌లో ఉంది. రోజూ ఉదయం పదింటికి, కరెంటు ఉన్నా లేకున్నా, జనరేటర్ ఐదు నిమిషాలు తిప్పాలని గోడ మీద బొగ్గుతో రాశాను.

మే 26, 37వ వారం. రోహిణి

రోళ్లు పగిలే కార్తె అంటారు. నిన్న సాయంత్రం మాత్రం గాలివాన. పావుగంట చినుకులు, అంతే, మళ్లీ ఉక్క. ఎండ 36కి దిగింది కదా అని ఊపిరి పీల్చుకున్నాం.

రాత్రి ఎనిమిదింటికి షెడ్డులోకి వెళ్తే కోళ్లు మధ్యాహ్నం కంటే ఘోరంగా రొప్పుతున్నాయి. అలవాటుగా అక్క ఫాగర్లు పెట్టింది. తేమ చూస్తే 82. గాలి నీళ్లతో నిండి ఉన్నప్పుడు ఫాగర్ కొడితే ఆ నీరు ఆవిరి కాదు, చల్లదనమూ రాదు. కోడి ఊపిరితిత్తుల్లోంచి రావాల్సిన ఆవిరి కూడా ఆగిపోతుంది. ఫాగర్లు ఆపి ఫ్యాన్లు మాత్రం పెట్టి, జాలీకి కట్టిన గోనె పట్టాలన్నీ పైకెత్తించాను. పదిన్నరకు కాస్త నెమ్మదించాయి. తేమ 70 దాటితే ఫాగర్ స్విచ్ ముట్టొద్దని దాని పక్కనే తేమ మీటరు బిగించాను.

పొడి ఎండ 44ను తట్టుకున్న కోడి ఉక్క 36లో కూలబడింది.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో మెడ మీద ఈకలు లేని రకాల మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది. ఈకలు తక్కువైతే వేడి తొందరగా బయటికి పోతుంది. మాలాంటివాళ్లకు కంపెనీలు ఇచ్చేవి మాత్రం ఒంటి నిండా తెల్ల ఈకల దుప్పటి కప్పుకున్న రకాలే.

మే 29

చేయకుండా ఉంటే బాగుండు అనిపించే పని చేశాను. పగులు గుడ్లు 40 పక్కన పెట్టి వంటింటి బల్ల మీద ఒక్కొక్కటే పగలగొట్టి పచ్చసొన మీది చుక్క చూశాను. పుంజు కలిసిన గుడ్డయితే ఆ చుక్క నాలుగైదు మిల్లీమీటర్ల ఉంగరంలా ఉంటుంది, అంచు తెల్లగా, మధ్య తేటగా. కలవనిదైతే చిన్నగా, గట్టిగా, అంచు చెదిరిన తెల్ల మచ్చ. ఏప్రిల్‌లో 40కి 2 మచ్చలు. ఇవాళ 8.

మా ఆవిడ మూడు పూటలు ఆమ్లెట్లు వేసింది. పక్కింటికి కూడా పంపింది. ఎందుకు చూస్తున్నావని అడిగితే ఏమీ చెప్పలేదు.

14వ తారీఖు వేడి ఇప్పుడెందుకు కనిపిస్తోంది? పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు వారాల దాకా నిల్వ ఉంటుంది. కరెంటు పోయిన రోజు తర్వాత పుంజులు పని మానేసినా, పెట్టలు పాత నిల్వతోనే గుడ్లు పెడుతూ వచ్చాయి. ఆ నిల్వ ఇప్పుడు అయిపోతోంది. నేను ఈ రెండు వారాలూ పెట్టల్ని, గుడ్ల శాతాన్ని చూసుకుంటూ కూర్చున్నాను. గుడ్లు 74కి లేచాయని సంతోషపడ్డాను కూడా.

సాయంత్రం పుంజుల్ని పట్టి చూశాం. పని చేసే పుంజుకు తోక కింద ఎర్రగా, తడిగా ఉంటుంది. పని మానేసినదానికి పాలిపోయి, పొడిగా ఉంటుంది. 20 పడితే 9 మాత్రమే ఎర్రగా. కుంటివి, జుట్టు వాడిపోయినవి 38 తీసేశాం. మిగతావాటి దాణాలో విటమిన్ ఇ, సెలీనియం. వాటి తొట్ల దగ్గర రెండు ఫ్యాన్లు ఎక్కువ పెట్టాం.

జూన్ 8, మృగశిర

వాన. చేపలు తెచ్చారు ఇంట్లో. కోళ్లు నోరు మూసుకుని నిద్రపోతున్నాయి. తొట్లు రెండు గంటల నలభై నిమిషాలకు ఖాళీ.

జూన్ 10, 39వ వారం

మే 15 నుంచి 18 దాకా పెట్టిన గుడ్ల హ్యాచ్ రిపోర్ట్ (వందకు ఎన్ని పిల్లలయ్యాయో చెప్పే లెక్క) వచ్చింది. 80 శాతం. ఏప్రిల్‌లో 86 ఉండేది. మొదటి వారంలోనే చనిపోయిన పిండాలు ఎక్కువ. పెంకు పలచనవి కదా. ఫరవాలేదు అనుకున్నాను, కానీ నా ఆలోచన దీని మీద లేదు.

జూన్ 23, 41వ వారం

వాతావరణం 29. సన్నగా జల్లు. గుడ్లు 73. షెడ్డంతా ప్రశాంతంగా ఉంది, ఊక కాస్త తడిగా ఉందనే తప్ప చెప్పుకోవడానికి ఏ ఫిర్యాదూ లేదు.

పదకొండింటికి హ్యాచరీ నుంచి ఫోన్. మే 27, 30 మధ్య గుడ్లు 71 శాతం. పిండం లేని ఖాళీ గుడ్లే వందకు 20.

"అన్నా, చల్లబడి రెండు వారాలైంది కదా. ఇప్పుడెందుకు పడింది మీది? మేత ఏమన్నా మార్చిన్రా?"

"లేదు తమ్మీ. ఇది మే 14ది."

అతనికి అర్థమైందో లేదో తెలియదు. రిపోర్ట్ వాట్సాప్‌లో పంపాడు. ప్రింట్ తీసి 71 పక్కన పెన్నుతో "మే 14, 2:10" అని రాసి, బ్యాటరీ బిల్లు పక్కనే గుచ్చాను. బాపు వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని రెండు కాగితాలూ చదివాడు. "బ్యాటరీ ఎంత?" అన్నాడు. చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు. మధ్యాహ్నం తిన్నాక మాత్రం, వానాకాలం వరి కోత కాగానే 200 అడుగులకు సరిపడా గడ్డి ముందే మాట్లాడి పెట్టు అన్నాడు. ఈసారి నేను ఎలుకల మాట ఎత్తలేదు.

ఐదున్నరకు షెల్‌గ్రిట్ చల్లాం. పుంజులు మళ్లీ ఆ వేళకు కదులుతున్నాయి, ఒకటి రెండు పోట్లాడుకుంటున్నాయి కూడా. దీపం పెట్టాక 20 పట్టి చూశాం. 17 ఎర్రగా ఉన్నాయి.

ఈ 17 సంగతి హ్యాచరీ కాగితం మీదికి రావడానికి జూలై మూడో వారం అవుతుంది.